లిఫ్టు మెకానిక్ షెడ్డు ఖాళీ చేసిన వైనం

ఆయన లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఉన్న ఎత్తయిన భవనాల్లో సగానికి పైగా లిఫ్టులు ఆయన మాట వింటాయి. పనిలో అంత పద్ధతైన మనిషి మరొకడు దొరకడు. భార్య మందపాటి గుడ్డతో కుట్టిచ్చిన సంచి విప్పి నేల మీద పరిచాడంటే, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా స్పానర్లన్నీ అరల్లో వరసగా నిలబడి ఉంటాయి. లిఫ్టు గోతిలో చీకట్లో నిలబడి, తల తిప్పకుండా చెయ్యి చాచి, కావలసిన స్పానరు తీసుకోగలడు. ఆ సంచి మాత్రం కంపెనీ బీరువా దాటి ఇంటికి రాదు.

ఇంటికొస్తే ఆయన వేరే మనిషి. రెండు గదుల ఇల్లు, దాన్ని ఆనుకుని రేకుల షెడ్డు. పెళ్ళికి ముందు ముచ్చటపడి కొనుక్కున్న మోటార్‌సైకిల్ కోసం ఆ షెడ్డు దగ్గరుండి కట్టించుకున్నాడు. కొన్నాళ్ళు అందులో బండి, పక్కన పనిముట్ల పెట్టె తప్ప మరేమీ ఉండేవి కావు. తర్వాత కంపెనీ వాళ్ళు తిరగడానికి వ్యాను ఇచ్చారు. బండి మీద గుడ్డ కప్పాడు. ఒకరోజు ఆ గుడ్డ మీద పాత టైరు పెట్టాడు. ఇంకోరోజు టైరులో సరిగ్గా పట్టేంత వైరు చుట్ట పెట్టాడు. అక్కణ్ణుంచి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. మార్చేసిన లిఫ్టు బటన్లు, అరిగిన కప్పీలు, అడుగున ఎండిన రంగు డబ్బాలు, కాలు విరిగిన స్టూలు, ఆ స్టూలుకి కొత్త కాలు చేద్దామని తెచ్చిన చెక్క, ఆ చెక్క కొయ్యడానికి కొన్న రంపం, అన్నీ వచ్చి బండి చుట్టూ చేరాయి. కంపెనీ వాళ్ళు వ్యాను ఎత్తేసేనాటికి బండి హ్యాండిల్ ఒక్కటే, నీళ్ళలో మునిగిన గేదె కొమ్ముల్లా పైకి కనిపిస్తోంది.

దాంతో ఆయన రెండు బస్సులు మారి పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. "బండి ఉంది కదండీ," అని భార్య అంటే "షెడ్డు సర్దాలి," అనేవాడు. "సర్దండి మరి," అంటే "ఆదివారం చూద్దాం," అనేవాడు. "పోనీ ఆ తుక్కయినా పారేద్దాం," అంటే మాత్రం ఒకటే మాట. "పనికొస్తుంది." ఆ మాట ఎంత నలిగిపోయిందంటే, వీధిలో వాళ్ళు పేరు పెట్టి పిలవడం మానేసి ఆయన్ని 'పనికొస్తుంది గారు' అనేవారు. ఆయనా పలికేవాడు.

భార్యది కుట్టుపని. ముందు గదిలో ఆమె మిషను, చుట్టూ బడి యూనిఫారాల మూటలు, బిగుతైపోయిన చొక్కాలు, పొడుగు తగ్గించాల్సిన ప్యాంట్లు. ఆ మూటల మధ్యే ఒక మంచం. దాని మీద ఆమె తల్లి. పెద్దాసుపత్రి స్టోరు రూములో దుప్పట్ల దగ్గర్నుంచి దూది దాకా లెక్క చూసుకుని రిటైరైన మనిషి. నోరు తెరిస్తే తిరుగులేదు. ఆవిడకి ఇంట్లో రెండే బాధలు. కళ్ళు మూసుకుంటే కూతురి మిషను టకటకలు, కళ్ళు తెరిస్తే అల్లుడి షెడ్డు.

ఒక ఆదివారం పొద్దున్న కుట్టుమిషనులో ఏదో స్క్రూ వదులైంది. "ఏవండీ, చిన్న స్క్రూడ్రైవర్ ఉందా?" అంది భార్య. "ఉందా ఏంటి, ఏడున్నాయి," అంటూ ఆయన షెడ్డులోకి వెళ్ళాడు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఆ తలుపు వెనకాలే, గోడకి ఆనించి, తాడుతో కట్టిన ఇనప గొట్టాల కట్ట ఉంది. ఆయన దాన్ని దాటుకుని, ఒంటికాలి మీద నిలబడి, పై అరలో డబ్బా అందుకోబోయాడు. ఇంకో కాలికి ఏదో తగిలింది. తర్వాత వచ్చిన చప్పుడుకి వీధిలో కుక్కలన్నీ లేచి మొరిగాయి.

భార్య పరుగున వచ్చింది. "ఏవండీ! ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ చప్పుడేంటి?"

"తలుపు రావట్లేదు," అన్నాడు లోపల్నుంచి.

గొట్టాల కట్ట తలుపుని తోసి మూసేసి, తలుపుకీ బండికీ మధ్య అడ్డంగా పడి బిగుసుకుపోయింది. పోతూ పోతూ బల్బుని కూడా పగలగొట్టింది. చీకట్లో ఆయన ఎటు చెయ్యి చాపినా ఏదో ఒకటి నెత్తిన పడుతోంది.

ఈలోగా అత్తగారు కర్ర పోటేసుకుంటూ వచ్చింది. సంగతి విన్నది. తలుపు దగ్గరికి నోరు పెట్టి, గొంతు మార్చి అడిగింది.

"అల్లుడూ, లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఎంతమందేంటి అత్తయ్యా! నేనొక్కణ్ణే."

"కంగారు పడొద్దు. లోపల గాలి బాగానే ఆడుతుంది. తలుపు మీద చేతులు వెయ్యొద్దు. గోడకి ఆనుకుని నిలబడు. మనిషిని పంపిస్తున్నాం."

ఆ మాటలన్నీ ఆయనవే. లిఫ్టులో ఇరుక్కున్న వాళ్ళతో ఫోనులో చెప్పేవి. రోజూ విని విని అత్తగారికి కంఠతా వచ్చేశాయి. భార్యకి నవ్వాగలేదు. చెంగు నోట్లో కుక్కుకుంది.

"మనిషిని పంపిస్తున్నామంటున్నావ్, ఎవర్నమ్మా?"

"ఎవరున్నారే మనకి? అలా అంటే లోపలున్న వాళ్ళకి ధైర్యంగా ఉంటుందట. మీ ఆయనే చెప్పాడు."

లోపలున్న మనిషికి ధైర్యం సంగతి అటుంచి ఒళ్ళు మండిపోయింది. కానీ ఇది కోపం చూపించే చోటు కాదు. "తాడు తెగితే గొట్టాలు విడిపోతాయి. ఒక్కోటీ లాగేస్తా. కొయ్యడానికేదైనా ఇవ్వు," అన్నాడు భార్యతో.

"ఏడు స్క్రూడ్రైవర్లున్న చోట ఒక చాకు లేదా?"

"ఉంది. కనపడట్లేదు."

ఇంట్లో తాడు కోసేంత పదునున్నది ఒక్కటే. ఆమె పెద్ద కత్తెర. దానితో కాగితం ముక్క కత్తిరించినా ఆమె ఊరుకోదు. బట్ట తప్ప ఇంకేదీ ఆ కత్తెర నోటికి తగలకూడదు. అలాంటిది తాడు, అందులోనూ గ్రీజు పట్టిన తాడు. ఆమె కత్తెర తెచ్చి తలుపు కింద సందులో సగం దాకా పెట్టింది. లోపల చెయ్యి తడుముతుంటే మళ్ళీ వెనక్కి లాగింది.

"షెడ్డు ఎప్పుడు సర్దుతారు?"

"ఆదివారం చూద్దాం," అన్నాడు అలవాటు కొద్దీ.

"ఇవాళ ఆదివారమే."

లోపల్నుంచి ఒక పెద్ద నిట్టూర్పు. "సరే. ఇవాళే. కత్తెరియ్యి."

ఆయన బయటికొచ్చేసరికి జుట్టులో సాలెగూడు, చెంప మీద గ్రీజు, చేతిలో కత్తెర. స్క్రూడ్రైవర్ మాత్రం లేదు.

అత్తగారు అప్పటికే వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆసుపత్రి వదిలాక ఆవిడ ముఖంలో అంత కళ ఎవరూ చూడలేదు. కర్రతో నేల మీద మూడు గీతలు గీసింది. "బండికి సంబంధించినవి ఇటు. పనిముట్లు అటు. దేవుడికే తెలియాలనేవి నడిమధ్యన. రోజూ వాడేది చేతికందే ఎత్తులో ఉంటుంది. ఎప్పుడో వాడేది తలపైన ఉంటుంది. ఎప్పటికీ వాడనిది గేటు బయట ఉంటుంది. కానివ్వండి."

కాసేపటికే నడిమధ్య గుట్ట ఆవిడ కుర్చీ ఎత్తు దాటింది. ఒక్కో వస్తువు దగ్గరా విచారణే.

"ఇదేంటి?"

"లిఫ్టు బటను అత్తయ్యా. మూడో అంతస్తుది."

"మనకి మూడో అంతస్తు ఉందా?"

"లేదు."

"కడుతున్నావా?"

"లేదు."

"గేటు బయట."

పదో నంబరు స్పానర్లు అరడజను దాకా బయటపడ్డాయి. అవసరమైనప్పుడల్లా పాతది కనపడక కొత్తది కొన్నాడు, కొన్నది మళ్ళీ ఇందులోనే పారేసుకున్నాడు. భార్య వాటన్నిటినీ ఒక తాడుకి గుచ్చి, తోరణంలా ఆయన మెళ్ళో వేసింది. స్క్రూడ్రైవర్లు మాత్రం ఏడు కాదు, తొమ్మిదున్నాయి. ఆ మాట గట్టిగా చెప్పుకున్నాడు గానీ ఎవరూ మెచ్చుకోలేదు.

మధ్యాహ్నానికి పాత సామాన్ల బండి వచ్చింది. బండి నిండా ఎక్కించి పంపారు. కాసేపటికి చూస్తే ఆయన లేడు. అత్తగారు కర్ర తీసుకుని వీధి మలుపు దాకా వెళ్ళింది. అక్కడ అల్లుడు, పాత సామాన్లవాడు ఇద్దరూ బండి మీదికి వంగి, ఇనప కప్పీ ఒకటి చెరోవైపు పట్టుకుని లాగుతున్నారు.

"ఇచ్చింది మళ్ళీ అడక్కూడదు సార్," అంటున్నాడు వాడు.

"ఇది ఇప్పుడు దొరకదయ్యా, నీకు తెలీదు..." అంటూ తలెత్తిన ఆయనకి ఎదురుగా అత్తగారు కనిపించింది. కప్పీ వదిలేశాడు. వదిలిన విసురుకి పాత సామాన్లవాడు కప్పీతో సహా బండిలో కూర్చున్నాడు.

ఒక్క వస్తువు దగ్గర మాత్రం ఆయన మొండికేశాడు. అది తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా. దాన్నిండా అగ్గిపెట్టెంత నల్లటి ముక్కలు. ఎవరు చెయ్యి చాపినా ఇవ్వలేదు. డబ్బా కడుపుకి కరుచుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"రిలేలంటారు వీటిని," అన్నాడు మెల్లగా. "కరెంటు వచ్చినప్పుడు లోపల చిన్న పుల్ల కదిలి తలుపు తెరుచుకునేలా చేస్తాయి. ఒక పాత బిల్డింగులో లిఫ్టుండేది. దాన్ని చేసిన కంపెనీయే మూతపడింది. ఒకరోజు ఇది కాలిపోయి లిఫ్టు సగంలో ఆగింది. లోపల ఇరుక్కున్న వాళ్ళని ఎలాగోలా బయటికి తీశాం. కానీ పై అంతస్తులో మంచాన పడ్డాయన ఉన్నాడు. లిఫ్టు లేకపోతే ఆయన ఆసుపత్రికి పోలేడు. ఊరంతా తిరిగినా ఈ ముక్క దొరకలేదు. చివరికి మన షెడ్డులో, పారేద్దామనుకున్న పెట్టెలో దొరికింది. సాయంత్రం లిఫ్టు తిరిగింది. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. అప్పట్నుంచి నాకేదీ పారెయ్యబుద్ధి కాదు అత్తయ్యా."

భార్య ఆయన వంక చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. "ఎప్పుడూ అనలేదేమండీ?" అంది.

"నువ్వెప్పుడూ పారెయ్యమనే అడిగావు. ఎందుకు దాస్తున్నారని అడగలేదుగా."

అత్తగారు కర్ర కొసతో మట్టిలో గీతలు గీస్తూ కూర్చుంది. "మా స్టోర్లోనూ అలాంటి అలమార ఉండేది," అంది తర్వాత. "ఏడాదికోసారి కూడా అక్కర్లేనివి. కానీ ఆ ఒక్కసారీ లేకపోతే ప్రాణాలు పోయేవి. దాన్ని ఎవర్నీ ముట్టనిచ్చేదాన్ని కాదు. కాకపోతే దానికో హద్దుండేది. తలుపు మూతపడకపోతే ఒకటి తీసి ఇంకోటి పెట్టాల్సిందే. నీకూ ఒక అర ఇస్తాను అల్లుడూ. ఒక్కటంటే ఒక్కటే. దాంట్లో ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం."

ఆయన ఆ డబ్బాని ఆవిడ చేతికే ఇచ్చి, జాగ్రత్త అన్నాడు.

షెడ్డు సగం ఖాళీ అయ్యాక ఒక వింత జరిగింది. వెనక గోడకి నిలబెట్టిన పాత లిఫ్టు తలుపులు తీసేసరికి, వాటి వెనక ఒక కిటికీ ఉంది. ముగ్గురూ దాని ముందు నిలబడిపోయారు.

"ఈ గదికి కిటికీ ఉందా?" అంది భార్య.

"నేనే పెట్టించానేమో," అన్నాడాయన అనుమానంగా.

బలంగా తోస్తే రెక్కలు తెరుచుకున్నాయి. అవతల పక్కింటి ఫోటో ఫ్రేముల షాపాయన తీగ మీద బట్టలు ఆరేసుకుంటున్నాడు. గోడ అనుకున్న చోట మూడు తలలు కనపడేసరికి చేతిలో బనీను జారవిడిచాడు. "ఎవరది?" అని కేక పెట్టాడు.

"మేమేనండీ, పక్కింటివాళ్ళం," అన్నాడు మెకానిక్.

"ఇన్నాళ్ళూ లేని కిటికీ ఇప్పుడెక్కణ్ణుంచొచ్చిందండీ?"

"ఉందటండీ. మాకూ ఇప్పుడే తెలిసింది."

ఆ కిటికీలోంచి చల్లగాలి లోపలికొచ్చింది. చెట్టు నీడ గచ్చు మీద పడింది. అప్పుడు అత్తగారూ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన గమనించలేదు. గమనించి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

తర్వాతి సాయంత్రాలన్నీ సర్దుడే. ఆయన గోడకి పెద్ద ప్లైవుడ్ చెక్క బిగించి, మేకులు కొట్టి, ఒక్కో పనిముట్టూ తగిలించి, దాని చుట్టూ రంగుతో ఆకారం గీశాడు. సుత్తి తీస్తే వెనక సుత్తి బొమ్మ మిగులుతుంది. ఎవరు ఏది తీసి ఎక్కడ పారేసినా గోడే చెప్పేస్తుంది. అది అత్తగారి సలహా. చిన్న నట్లకీ బోల్టులకీ భార్య ఒక ఉపాయం ఆలోచించింది. మందపాటి గుడ్డకి జేబులు కుట్టి గోడకి వేలాడదీసింది. ఏ జేబులో ఏముందో తెలియడానికి ప్రతి జేబు మీదా లోపలున్నదాంట్లో ఒకటి గుండీలా కుట్టేసింది. ఆయన ఆ జేబుల్ని చాలాసేపు తడిమి చూసి, "ఇది మా కంపెనీ వాళ్ళకి తట్టలేదే," అన్నాడు. ఆమె అది పొగడ్త కిందే జమ కట్టుకుంది.

చివరికి మిగిలింది బండి. గుడ్డ తీస్తే దుమ్ము కూడా పట్టలేదు, దుమ్ముకి చోటు దొరికితే కదా. టైర్లకి గాలి కొట్టాడు. పాత పెట్రోలు పారబోశాడు. ప్లగ్గు విప్పి రుద్దాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, చైనుకి నూనె పట్టించాడు. తర్వాత కిక్కు కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టాడు, కొట్టాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"అది నిద్రపోతోందేమో, మెల్లగా లేపు," అంది అత్తగారు షెడ్డు కిటికీ దగ్గర కూర్చుని.

"అత్తయ్యా, మీరు కాసేపు..."

ఆ మాట పూర్తికాకుండానే బండి దగ్గింది. నల్లటి పొగ వదిలింది. తర్వాత గొంతు సవరించుకుని, షెడ్డు రేకులు అదిరేలా అరిచింది. పక్కింట్లో ఫ్రేము అద్దం ఏదో పగిలిన శబ్దం వినిపించినా ఆయన పట్టించుకోలేదు. యాక్సిలరేటర్ తిప్పుతూ, పళ్ళన్నీ బయటపెట్టి, కుర్రాడిలా నిలబడ్డాడు. ఆ రాత్రి భోజనం దగ్గర కూడా ఆయన కుడిచెయ్యి తెలియకుండానే తిరుగుతూనే ఉంది.

మర్నాటి నుంచి బస్సులు మానేశాడు. నాలుగు రోజులు రాజాలా తిరిగాడు. అయిదో రోజు పని తొందరగా అయిపోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చి, షెడ్డు తలుపు తీసి నిలబడిపోయాడు. కిటికీ కింద చాప. చాప మీద అత్తగారు, హాయిగా గురక పెడుతూ. రెండో మూల కుట్టుమిషను. దాని పక్కన యూనిఫారాల మూటలు.

ఆయన తలుపు మెల్లగా దగ్గరికి వేసి భార్యని వాకిట్లోకి పిలిచాడు. "ఏమిటే ఇది? బండి ఎక్కడ పెట్టను?"

"కాసేపు బయట ఉండనివ్వండి. గాలి పోసుకుంటుంది."

"షెడ్డు కట్టించింది బండికి!"

"బండి అందులో సుఖపడింది ఎన్నాళ్ళండీ? మిగతా కాలమంతా మీ తుక్కే ఉందిగా. అప్పుడు బండి ఏమైనా అడిగిందా?"

ఈ గొడవకి లోపల నిద్ర చెడి అత్తగారు లేచొచ్చింది. ఇద్దరి వాదనా విన్నది. తన వాదన కూడా కలిపింది. ఆ కిటికీ గాలి తనకి తప్ప ఇంకెవరికీ దక్కకూడదని ఆవిడ ఉద్దేశం. అయినా న్యాయం తప్పని మనిషి.

"ఆసుపత్రిలో ఒకే మంచం మూడు డ్యూటీల వాళ్ళకి సరిపోయేది," అంది. "బండి పొద్దున్న వెళ్ళిపోతుంది, సాయంత్రం గానీ రాదు. పొద్దున్నుంచి భోజనాల దాకా మిషను. భోజనమయ్యాక నేను. సాయంత్రం నుంచి బండి. ఎవరి టైముకి వాళ్ళు ఖాళీ చెయ్యాలి."

"మిషను రోజూ ఎవరు మోస్తారు?" అంది కూతురు.

ఇద్దరాడవాళ్ళూ మెకానిక్ వైపు చూశారు. ఆయన నిట్టూర్చి, తన సొంత అరలోంచి నాలుగు చిన్న చక్రాలు తీసుకొచ్చాడు. ఏదో లిఫ్టు తలుపువి. "పనికొస్తాయని ఉంచాను," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. సాయంత్రానికల్లా కుట్టుమిషను వేలితో తోస్తే కదిలేలా తయారైంది.

ఏర్పాటు బాగానే సాగింది. చిక్కల్లా వారం మధ్యలో ఆయనకి సెలవు దొరికిన రోజున వచ్చింది. ఆయన ఆలస్యంగా నిద్ర లేచేసరికి బండి గేటు బయట ఎండలో ఉంది, మిషను లోపల టకటకలాడుతోంది. కాసేపు అద్దం తుడిచాడు. కాసేపు హ్యాండిల్ తుడిచాడు. ఇక తుడవడానికేం లేక బండెక్కి వీధి చివరిదాకా పోయి వచ్చాడు. మళ్ళీ పోయి వచ్చాడు.

"డ్యూటీ లేదా ఇవాళ?" అన్నాడు ఫ్రేములాయన.

"ఇదే డ్యూటీ."

మూడోసారి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర భార్య నిలబడి ఉంది. చేతిలో యూనిఫారాల మూట. లోపల మిషను ఆగింది, చాప పరుచుకుంది. "బడిలో ఇచ్చి రావాలి. దింపుతారా?" అంది.

పెళ్ళయిన కొత్తలో ఆమె ఆ వెనక సీటు మీద ఒక పక్కకి తిరిగి కూర్చునేది. ఇప్పుడు అటో కాలు ఇటో కాలు వేసి, మూట మధ్యలో పెట్టుకుని కూర్చుంది. మూట ఇచ్చేసి, కుట్టాల్సిన బట్టల మూట ఇంకోటి తీసుకున్నారు. తిరుగుదారిలో బడి వెనక మైదానం పక్కన ఖాళీ రోడ్డు మీద ఆమె ఆయన భుజం తట్టింది.

"ఆపండి. నేను నడుపుతా."

"నీకు రాదు కదే!"

"మీరు నేర్పిస్తే వస్తుంది. కుట్టుమిషను కూడా పుట్టగానే రాలేదు నాకు."

ఆయన దిగాడు. ఆమె ముందుకు జరిగింది. క్లచ్చు ఇదీ, గేరు ఇదీ, బ్రేకు ఇక్కడా అని చెప్పి మూటతో వెనక కూర్చున్నాడు. మొదటిసారి బండి కుందేలులా ఒక గెంతు గెంతి ఆగిపోయింది. రెండోసారీ అంతే. "అంత విదిలించకు. మిషను తొక్కేటప్పుడు ఎలా వదులుతావు? అలా మెల్లగా," అన్నాడు. ఆ మాట ఆమెకి తలకెక్కింది. మూడోసారి బండి కదిలింది. వంకరగా, రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి ఊగుతూ, అయినా ఆగకుండా కదిలింది. ఆయన ఒక చేత్తో మూట, ఒక చేత్తో సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మైదానం చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చి, ఆమె బ్రేకు మీద మొత్తం బరువు వేసి ఆపింది. ఇద్దరూ ముందుకు పడి మళ్ళీ సర్దుకున్నారు.

"ఎలా ఉందే?" అన్నాడు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

ఆమె జుట్టు వెనక్కి తోసుకుని, రోడ్డు వైపే చూస్తూ అంది. "మీరు దిగండి. వెనక బరువుగా ఉంది. నేనింకో చుట్టు తిరిగొస్తా."

ఆయన మూటతో రోడ్డు పక్కన నిలబడి, బండి మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా "గేరు, గేరు!" అని అరుస్తూనే ఉన్నాడు.